వానకొఱకు విడిచిన యడవి

ప్రాచీనకాలమున రాజులు అరణ్యములను గాపాడిన విధములు మన గ్రంథములయందు గానవచ్చుచున్నవి. కౌటిల్యుని యర్థశాస్త్రమున ఏనుగులకొఱకు గజవనములును, రాజు వేటకొఱకు మృగవనములును, తపస్వులకొఱకు తపోవనములును ఏర్పఱుపవలెనని చెప్పబడినది. ఏనుగు యుద్ధమునకు బనికివచ్చును. మృగము వేటకు బనికివచ్చును. తపోవనము పుణ్యము నిచ్చును. ప్రతి వనమునకును ఒక స్పష్టమైన ప్రయోజనము కలదు. కాని కొండపైని చెట్లు నిలిచియుండిననే వానలు కురియుననియు, అందువలన వానిని గొట్టరాదనియు ప్రభుత్వము చట్టము చేయుట చరిత్రలో క్రొత్తసంగతి. అట్టి చట్టములలో ముందుగా లెక్కింపదగినది 1776వ సంవత్సరము ఏప్రిలు 13వ తేదీన టొబాగో యను చిన్నదీవియందు బుట్టినది. పశ్చిమార్ధగోళమున చట్టముచే రక్షింపబడిన యడవులలో నిదియే మొదటిదని చెప్పుదురు. ఆ యడవి నేటికిని నిలిచియున్నది. దాని చరిత్రమును చదువరులకు దెలుపుటయే మా యుద్దేశము.

టొబాగో దీవి కరీబియను సముద్రపు తూర్పుకొనను, భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునొకండవ యక్షాంశము చెంత నున్నది. పొడవు సుమారు 40 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 10 కిలోమీటర్లు. వైశాల్యము 300 చదరపు కిలోమీటర్లు. అనగా మన జిల్లాలలోని ఒకటి రెండు మండలములంత. దీవి నడుమ వెన్నెముకవలె ఒక కొండవరుస సాగిపోవుచున్నది. దాని శిఖరము ఎచ్చటను 600 మీటర్లకు మించదు. తూర్పునుండి వీచు వ్యాపారపవనములు సముద్రపు తేమను దెచ్చి, ఈ వరుసకు దాకి, పైకెగసి, చల్లబడి వానగా గురియును. ఆ కొండవరుసమీద సుమారు పదివేల యెకరముల యడవి రక్షితారణ్యముగా నున్నది.

ఆ దీవిని మొదట కరీబులు మొదలగు ఆదిమజనులు నివాసము చేసికొనియుండిరి. ఐరోపావారు వచ్చినపిదప అది డచ్చివారికిని, ఫ్రెంచివారికిని, ఆంగ్లేయులకును పలుమాఱులు చేతులు మాఱెను. 1763వ సంవత్సరమున పారిసు సంధివలన ఆంగ్లేయుల వశమయ్యెను. వెంటనే భూములను గొలిపించి, ముక్కలుగా విభజించి, చెఱకుతోటల యజమానులకు విక్రయించు పని సాగినది. ఆ కాలమున చక్కెర బంగారముతో సమానము. చెఱకు నాటవలెనన్న అడవి కొట్టవలెను. రసము కాచవలెనన్న కట్టెలు కావలెను. కాబట్టి చెఱకుతోట రెండుచేతులతోడను అడవిని దినుచుండును.

దీని ఫలమెట్టిదో చూచుటకు ఆంగ్లేయులు దూరము పోనక్కఱలేదు. పొరుగుననే బార్బడోసు దీవి కలదు. 1627వ సంవత్సరమున వారక్కడ వలస నిలిపినప్పుడు ఆ దీవియంతయు దట్టమైన యడవి. నలువదియేండ్లు తిరుగకముందే అది యించుమించుగ బోడియయ్యెను. రసము కాచుటకు చెఱకుపిప్పియే గతియయ్యెను. వాలునేలల మన్ను వానకు గొట్టుకొనిపోయెను. ఒక తరము చేసిన పనిని తరువాతి తరము అనుభవించుట కది ప్రత్యక్షోదాహరణము.

ఇచ్చట ఒక శాస్త్రజ్ఞుని ప్రసంగము రావలసియున్నది. ఆయన పేరు స్టీఫెను హేల్సు. వృత్తిచే క్రైస్తవాచార్యుడు, ప్రవృత్తిచే ప్రకృతిపరిశోధకుడు. 1724వ సంవత్సరపు వేసవిలో ఆయన ఒక పొద్దుతిరుగుడు మొక్కను కుండలో బెంచి, కుండమూతిని సీసపురేకుతో మూసి, మన్నునుండి నీరు నేరుగా ఆవిరి కాకుండ గట్టుదిట్టము చేసి, పదునైదు దినములు ఉదయసాయంకాలములయందు దానిని తూచెను. తగ్గిన బరువంతయు ఆకులగుండ వెడలిన నీరే కదా! మూడున్నర యడుగుల మొక్క పగటివేళ సగటున పౌనున్నఱకు కొంచెము తక్కువగా నీటిని గాలిలోనికి విడుచుచున్నదని తేలినది. 1727వ సంవత్సరమున ఆయన ప్రకటించిన గ్రంథమునందు ఈ సంగతి వివరింపబడినది. చెట్టు నేలలోని నీటిని ద్రావి ఆకాశమున కిచ్చుచున్నదను మాట అంతకుముందు ఊహ. అప్పటినుండి తూచి చూపిన సత్యము.

ఈ పరీక్షను మేము మా పాఠశాలలో ఒక వంగమొక్కతో పిల్లలచేత జేయించియున్నాము. మైనపుగుడ్డతో కుండమూతి గట్టి, కూరగాయల త్రాసులో దూచిన చాలును. పిల్లలు మొదట నమ్మరు. సాయంకాలమునకు రాళ్లు తీసివేయవలసివచ్చినప్పుడు నమ్ముదురు. ఇంటిలో తల్లులైనను ఈ పని సులభముగా జేయింపవచ్చును.

హేల్సు చూపినది ఒక్క మొక్క. ఆ లెక్కను ఒక కొండకు విస్తరించిన నేమగును? ఒక యడవిలోని కోట్లకొలది యాకులు ఇట్లే నీటిని విడుచుచుండిన మేఘములు పుట్టవా? అని నాటివారు తర్కించిరి. ఈ భావమునకు బూర్వరంగమును గలదు. కొలంబసు జీవితమును వ్రాసిన యాతని కుమారుడు, జమైకాలోని మధ్యాహ్నపు వానలకు అడవులే కారణమని తన తండ్రి తలచెనని తెలిపియున్నాడు. ఆంగ్లదేశమున వర్తకమును, వలసలను విచారించు ప్రభుత్వమండలిలో సభ్యుడైన సోం జెనిన్సు అనునాతడు ఈ వాదమును బట్టుకొని, టొబాగోలోని కొండయడవిని విక్రయింపకుండ నిలుపుటకు బాటుపడెను. భూములను గొలిపించు తొలినాళ్లయందే కొండలమీది చెట్లను విడువవలెనను నుద్దేశము వెల్లడియైనను, అది చట్టరూపము దాల్చుటకు పదేండ్లకు మించిన కాలము పట్టెను. ఈ దేశములయందు భూసారమంతయు వానలమీదనే యాధారపడియున్నదనియు, ఆ వానలను రప్పించుటకై యీ వనమును విడిచిపెట్టుచున్నామనియు ఆ శాసనభావము.

ఇంచుమించుగ నీ కాలముననే మఱియొక సముద్రమునందు ఫ్రెంచివారును ఇట్టి పనికి బూనుకొనిరి. మారిషసు దీవికి పాలకుడుగా వచ్చిన పియేర్ ప్వావ్రు 1769వ సంవత్సరమున అడవుల రక్షణకు నియమములు గావించెను. రెండు శత్రురాజ్యములు రెండు మహాసముద్రములయందు ఒకే భయమునకు లోనగుట విచారింపదగిన విషయము. దీవి చిన్నది, తప్పు చేసిన ఫలము కనుచూపుమేరలోనే కానవచ్చును. విశాలమైన ఖండములయందు ఈ ఫలము కానరాదు గనుక అక్కడివారు ఆలస్యముగా మేలుకొనిరి.

ఇక ఆ యడవిలో దినదినమును జరుగు వ్యాపారమును గొంత వర్ణింతము. వాన పడినపుడు చినుకు ముందు నేలను దాకదు. పైకొమ్మల యాకులను దాకి, క్రిందికొమ్మలకు జాఱి, అచ్చటనుండి పొదలకును, తుదకు రాలిన యాకుల పఱుపునకును దిగును. అచ్చటి యాకులు పెక్కింటికి కొన సాగి సన్నని తోకవలె నుండును. మన రావియాకు కొనను జూచినవారికి దీనిని వర్ణింపనక్కఱలేదు. నీరు ఆ తోకవెంట జాఱిపోవును, ఆకు త్వరగా నాఱును, నాచు పట్టదు. ఇన్ని మెట్లు దిగివచ్చిన చినుకు నేలను గొట్టదు, తడుపును. మెత్తని యాకుపఱుపు దానిని బీల్చుకొని, మెల్లమెల్లగా ఊటలకు విడుచును. వాన వెలసిన చాలదినములకును అచ్చటి వాగులయందు నీరు పాఱుటకు గారణ మిదియే.

చెట్ల కొమ్మలమీద అనాసపండు మొక్కకు జ్ఞాతులైన మొక్కలు గుంపులుగుంపులుగా గూర్చుండియుండును. చూచినవారికి ఇవి మన మామిడిచెట్టుమీది బదనికవలె దోచును. కాని బదనిక చెట్టురసమును దొంగిలించును, ఇవి దొంగిలింపవు. ఆసనము మాత్రమే పుచ్చుకొనును. వీని యాకుల మొదళ్లు ఒకదానినొకటి కప్పుకొని గిన్నెవలె నేర్పడును. ఆ గిన్నెలో వాననీరు నిలుచును. ఎండుటాకులు పడి క్రుళ్లి యెరువగును. దోమపిల్లలు, చిన్నపురుగులు, ఒక్కొక్కచో కప్పలును అందు నివసించును. ఒక్కొక్క మొక్క ఆకాశమున వ్రేలాడు చిన్నచెఱువు. నేలమీద నీరు లేని చోటగూడ కొమ్మలమీద జలాశయము లుండుట ఆ యడవి విశేషము.

త్రోవప్రక్కల ఫెర్నుమొక్కలు దట్టముగా బెరుగును. కొన్ని తాటిబోదెవలె నిటారుగా లేచి, తలపై గొడుగు పట్టును. మఱియొక జాతి చిన్నది. దాని యాకుల యడుగున వెండివంటి తెల్లనిపొడి యుండును. ఆ దేశపు పిల్లలు ఆ యాకును చేతిమీద నద్దుకొందురు. ముగ్గువేసినట్లు ఆకురూపము చేతిపై దిగును. అరటికి జుట్టమైన హెలికోనియా మొక్కలు ఎఱ్ఱని దొప్పలను వరుసగా బట్టుకొని నిలుచును. ఆ దొప్పలలోని పువ్వులకడకు నల్లపూస కన్నులు గల చిన్నపిట్టలు వచ్చి, ఱెక్కలను కంటికి గానరానంత వేగముగా నాడించుచు, గాలిలో నిలిచియే తేనెను గ్రోలును. మన తేనెపిట్టకును వీనికిని పనియొక్కటే గాని వంశము వేఱు. ఆకులను ముక్కలుగా గత్తిరించి, తలమీద పచ్చజెండాలవలె బట్టుకొని, వరుసగా నడచిపోవు చీమలును అచ్చట గలవు. అవి యాకులను దినవు. పుట్టలో బరచి వానిమీద ఒకజాతి బూజును బెంచి దానిని దినును. మనుష్యుడు నాగలి పట్టకముందే చీమ సేద్యము నేర్చెను!

ఈ యడవి యింత పచ్చగానున్నను నేల మాత్రము సారవంతమని భ్రమపడరాదు. సారమంతయు బ్రతికియున్న చెట్లలోను, పైపఱుపులోను ఉన్నది. ఆకు రాలును, బూజులు, పురుగులు దానిని కొలదికాలములో కరగించును, పైపైని బఱచుకొన్న వేరులు ఆ సారమును వెంటనే లాగికొనును. ఈ చక్రము తిరుగుచున్నంతకాలము లోటు లేదు. చెట్టును గొట్టి చక్రమును ఆపిన, రెండుమూడు వానకాలములలో నేల నిస్సారమగును. చెఱకుతోటల యజమానుడు ఆ కొండను గొట్టియుండిన, నిలుచునది తోటయు గాదు, అడవియు గాదు.

అట్లైన ఆ చట్టమునకు జెప్పిన హేతువు నిజమేనా? అడవి వానను రప్పించునా? విద్యావంతులైన చదువరులు ఈ ప్రశ్న నడుగకమానరు. నేటి శాస్త్రజ్ఞానమునుబట్టి చూచిన, అమెజానువంటి విశాలారణ్యములయందు చెట్లు విడిచిన యావిరి మరల మరల వానగా గురియుట నిశ్చయము. కాని టొబాగోవంటి చిన్నదీవిలో వానకు ముఖ్యకారణము సముద్రపు గాలియు, కొండయెత్తును. అడవి మంచును బట్టి చుక్కలుగా రాల్చును; గాలిని చల్లబఱుచును; అంతకు మించి యది తేగల వాన స్వల్పము. అయితే కురిసిన వానను నిలుపుట, మన్నును గాపాడుట, వాగులను వేసవిలో బాఱించుట, ఇవి అడవి తప్ప మఱియొకటి చేయలేదు. కావున జెనిన్సు చెప్పిన కారణము సగము సరి. చేసిన పని పూర్తిగా సరి. కొండవాలు నిటారుగా నుండి చెఱకునకు బనికిరాకపోవుటయు ఆ యడవికి మేలే చేసియుండవచ్చును. మంచిపనికి జెప్పిన కారణమును పరీక్షించుట ఆ పనిని నిందించుట కాదు. పరీక్షకు నిలువని కారణముపై ఆధారపడిన మంచిపని, ఆ కారణము కూలిననాడు తానును గూలిపోవు నపాయమున్నది.

ఇంతకంటె గొప్ప ప్రశ్న యింకొకటి కలదు. ఆ వాన యెవరికొఱకు? ఆ చట్టమును జేసినవారు తోటల యజమానులు. ఆ తోటలలో చెఱకు నాటినవారు, నఱికినవారు, రసము కాచినవారు ఆఫ్రికానుండి సంకెళ్లతో దేబడిన బానిసలు. ఆ చట్టము పుట్టుటకు ముందు కొన్నియేండ్లనుండియే బానిసలు పలుమాఱులు తిరుగబడిరి, అణచివేయబడిరి. చెట్టుమీద గొడ్డలి పడరాదని విధించిన ప్రభుత్వమే మనుష్యుని వీపుమీద కొరడా పడుటను న్యాయమనుకొనెను. 1838వ సంవత్సరము వఱకు వారికి సంపూర్ణవిముక్తి లభింపలేదు. పొరుగున సెయింటు విన్సెంటు దీవిలోను 1791వ సంవత్సరమున కింగ్సుహిల్లు అను కొండపైని యడవిని వానలకొఱకే రక్షించుచు చట్టము చేసిరి. ఆఱేండ్లకు, అనగా 1797వ సంవత్సరమున, ఆ దీవిలో తమ భూములకొఱకు బోరాడిన నల్లకరీబులను వేలకొలదిగా ఓడల కెక్కించి దూరదేశమునకు బంపివేసిరి. కొండమీది చెట్లకు రక్షణ; ఆ నేల తమదన్న జనులకు ద్వీపాంతరవాసము. ఈ రెండును ఒక్క పాలనమునందే జరిగినవని మఱువరాదు.

ఈ చరిత్రమునకును మన దేశమునకును సంబంధము లేకపోలేదు. టొబాగోలో చట్టము పుట్టిన 1776వ సంవత్సరముననే విలియం రాక్సుబరో అను వైద్యుడు కుంఫినీ కొలువులో మద్రాసునకు వచ్చెను. కొన్నియేండ్లకు ఆయన సామర్లకోటలో నిలిచి, అచ్చట తోటవేసి, మిరియము మొదలగు మొక్కలను బెంచెను. వానలను, ఎండలను లెక్కించి వ్రాసెను. ఉత్తరసర్కారులలో 1790 ప్రాంతమున వచ్చిన ఘోరమైన కఱవును గన్నులార జూచి, కొబ్బరి, పనస, అరటి, తాటి మొదలగు చెట్లను విరివిగా నాటించిన కఱవుకాలమున బీదల ప్రాణములు నిలుచునని అధికారులకు విన్నవించెను. కోరమాండలు తీరపు మొక్కలను గూర్చి 1795వ సంవత్సరమునుండి వెలువడిన ఆయన మహాగ్రంథమునందు మన తెలుగుపేళ్లును గలవు. ఆ పేళ్లను చెప్పిన మన పల్లెజనుల పేళ్లు మాత్రము అందు లేవు.

పిదప 1840 ప్రాంతమున మద్రాసులో ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుడు చెట్లకును, వానకును గల సంబంధమును గూర్చి వ్రాసెను. 1856వ సంవత్సరమున క్లెగ్‌హారను మద్రాసు రాజధాని యడవులకు సంరక్షకుడయ్యెను. 1882వ సంవత్సరమున మద్రాసు అడవిచట్టము వచ్చెను. దీవులలో బుట్టిన భావము మన కొండలకు జేరునప్పటికి దానివెంట రైలుదారుల దూలములును, కలపపన్నులును, పుల్లరియును వచ్చినవి. రంప దేశమున 1879వ సంవత్సరమున కొండజనులు చేసిన తిరుగుబాటునకు కల్లుపన్నును, కొండలమీది నిర్బంధములును గారణములు. 1922వ సంవత్సరమున పలనాటిలో పుల్లరి నెదిరించిన కన్నెగంటి హనుమంతు ప్రాణములు గోల్పోయెను. ఆ యేటనే మన్యమున అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మొదలయ్యెను. పోడు చేసికొని బ్రదుకువారిని దొంగలనుగా జూచిన చట్టము అడవిని కాపాడినదా, అడవిమీది హక్కును మాత్రము కాపాడినదా యని మన పెద్దలు అడిగిరి. 2006వ సంవత్సరమున భారతపార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము ఆ ప్రశ్నకు ఆలస్యముగా జెప్పిన యొక సమాధానము.

టొబాగో కథ యింకను కొంత కలదు. ఆ దీవి ట్రినిడాడుతో గలిసి 1962వ సంవత్సరమున స్వతంత్రమయ్యెను. మఱుసటియేడు, 1963 సెప్టెంబరు 30వ తేదీన, ఫ్లోరా యను తుపాను దీవిమీద బడెను. కొబ్బరి, అరటి, కోకో తోటలు నేలమట్టమయ్యెను. కోకోచెట్లకు నీడనిచ్చుటకై పెంచిన, సంస్కృతమున పారిభద్రమని చెప్పబడు జాతికి జుట్టములైన ఎఱ్ఱపూల మహావృక్షములు విఱిగిపడెను. కొండమీది యడవియు అధికభాగము నాశనమయ్యెను. తెల్లతోక గల యొక పెద్దజాతి తేనెగ్రోలు పిట్ట ఆ దీవిలో అంతరించినదని యెంచిరి.

తోటలు మరల పూర్వస్థితికి రాలేదు. దీవి జనులు పెక్కురు వేఱు వృత్తులను వెదకికొనిరి. అడవి మాత్రము తిరిగి లేచెను. దాని నేలను ఎవరును దున్నలేదు. దానిమీద ఇండ్లు కట్టలేదు. పడిన చెట్లు క్రుళ్లి యెరువయ్యెను. మన్నులోని విత్తనములు మొలిచెను. ఫెర్నులును, తీగలును ముందుగా నేలను గప్పి, వాని నీడను పెద్దచెట్లు బెరిగెను. 1974వ సంవత్సరమున ఆ తెల్లతోక పిట్ట మరల గానబడెను. పూర్వపు ప్రభువులు తమ చెఱకుకొఱకు విడిచిన యడవిని, ఆ బానిసల సంతతివారే నేడు తమదిగా గాపాడుకొనుచున్నారు. వచ్చినవారికి దారిచూపి, చెట్టుచెట్టుకు బేరు చెప్పుచున్నారు. 2020వ సంవత్సరమున ఈశాన్య టొబాగో ఐక్యరాజ్యసమితి సంస్థయగు యునెస్కోచే జీవావరణక్షేత్రముగా గుర్తింపబడెను.

మన యూళ్లయందును చెఱువు లున్నవి. చెఱువులకు మీద గట్లును, గుట్టలును ఉన్నవి. ఆ గుట్టమీద చెట్లు పోయిన చెఱువులో మన్ను పూడుననుట మన రైతు లెఱుగనిది కాదు. పూడిక తీయుటకు ప్రతియేటను వ్యయము చేయుదుము, గుట్టను జూడము. చదువరులు తమ పిల్లలను వెంటబెట్టుకొని, తమ చెఱువునకు నీరు ఏ గట్టునుండి వచ్చుచున్నదో యొకమాఱు నడచి చూచిరావలెను. అచ్చట మిగిలిన చెట్లెవ్వి, అచ్చట మేకలను మేపువా రెవరు, కట్టెలు దెచ్చుకొను ఆడువా రెవరు అని విచారింపవలెను. గుట్టను విడువవలెనని నిర్ణయించు పంచాయతీలో ఆ మేకలకాపరికిని, ఆ కట్టెలమోపు స్త్రీకిని చోటుండవలెను. వారికి మేతయు, వంటచెఱకును వేఱొకచోట గూర్పక గుట్టకు కంచెవేయుట టొబాగో యజమానులు చేసిన న్యాయమే యగును. వారిని గూర్చుండబెట్టుకొని చేసిన కట్టుబాటు మాత్రము ఏ చట్టమును లేకున్నను నిలుచును.